ఏదుంటే అది

పొద్దున్నే నేను చేసే మొదటి పని నాలుగు బ్రష్షుల మీద పేస్టు వేయడం. బాత్రూములో బేసిన్ పక్కన గట్టు మీద నాలుగింటినీ వరసగా పెడతాను. ఆయనది నల్లది. దాని మీద నీలం జెల్, ఈ కొస నుంచి ఆ కొసదాకా వేయాలి. అమ్మాయిది ఊదారంగుది. దానికి సగమే, ఎక్కువైతే నాలుక మండుతుందంటుంది. అబ్బాయిది ఆకుపచ్చది, వాడికి బఠాణీ గింజంత చాలు, లేకపోతే మిగిలిందంతా అద్దం మీద ఉమ్ముతాడు. చివరిది అత్తయ్య ఎర్ర బ్రష్షు. దాని మీద తెల్ల పేస్టు. జెల్ తగిలిన వేళ్ళతో తెల్ల ట్యూబు మూత తీయకూడదు, వాసన అంటుకుంటుందంటుంది అత్తయ్య. అందుకని మధ్యలో ఒకసారి చేతులు కడుక్కుంటాను. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చానంటే, అవి పొంగేలోపల అంతా అయిపోతుంది.

ఈ పని చేయమని నాకు ఎవరూ చెప్పలేదు. అదే తమాషా. పెళ్ళైన కొత్తలో ఆయన ట్యూబు మూత తీసి ఎక్కడో పారేసేవారు, ట్యూబుని నడుం దగ్గర పట్టుకుని నొక్కేవారు. పేస్టు కారి బేసిన్‌లో గడ్డ కట్టేది. అత్తయ్య అది చూసి కొడుకుని ఏమీ అనేది కాదు. "ఆడదున్న ఇల్లేనా ఇది" అని గోడతో అనేది. ఓ వారం విన్నాను. తర్వాత, ఎందుకొచ్చిన గొడవ అని, ఆయన లేవకముందే నేనే ఇంత పేస్టు వేసి మూత బిగించేయడం మొదలుపెట్టాను. మొదటిరోజు ఆయన మురిసిపోయి నా బుగ్గ గిల్లారు. రెండోరోజు ఏమీ అనలేదు. నాలుగోరోజు నేను మర్చిపోతే "ఏదీ, పేస్టు వేయలేదేం?" అన్నారు. వాడికి వేసినదానివి నాకు వేయలేవా అన్నట్టు అత్తయ్య తన బ్రష్షు పక్కన పెట్టింది. పిల్లలు పుట్టాక వాళ్ళవి చేరాయి. తప్పించుకోవడానికి చేసిన పని మెడకు చుట్టుకోవడం అంటే ఇదేనేమో. ఇరవై ఏళ్ళైంది. ఇందులో తప్పు నాదేనని చాలాకాలం అనుకున్నాను.

బ్రష్షులు నాలుగు కలిపి ఒక అట్టలో వస్తాయి. మేం ఐదుగురం. నాకు విడిగా ఒకటి కొనాలి, ప్రతిసారీ కొనాలనే అనుకుంటాను, ఇంటికొచ్చి సంచీ ఖాళీ చేసేటప్పుడు గుర్తొస్తుంది. నా బ్రష్షు కుచ్చు రెండు పక్కలకీ విచ్చుకుపోయి ఉంటుంది. ఒకసారి మా అబ్బాయి దాంతో బూట్లు తోముకున్నాడు. "పాతది కదమ్మా, పడేశారనుకున్నా" అన్నాడు. వాడి తప్పేముంది, చూస్తే అలాగే ఉంది. వేడినీళ్ళలో పడేసి, కడిగి, మర్నాటి నుంచి మళ్ళీ వాడుకున్నాను. ఇక పేస్టంటారా, నాకంటూ ఒక పేస్టు లేదు. ఏ ట్యూబు అయిపోతే ఆ ట్యూబు నాది. నొక్కినా ఏమీ రాని దశలో దాన్ని తీసుకుని, కత్తెరతో నిలువునా కోసి, లోపల గోడలకు అంటుకున్నదాన్ని బ్రష్షుతో గీరుకుంటాను. ఒక ట్యూబు నాకు వారం వస్తుంది. ఒక్కోసారి రెండూ ఒకేసారి అయిపోతే నీలం, తెలుపు కలిసిపోతాయి. ఆయన చుట్టాల ముందు ఈ కత్తెర సంగతి చెప్పి నవ్విస్తారు. "మా ఆవిడ ట్యూబుని ఊరికే పోనివ్వదు, పోస్టుమార్టం చేసిగానీ పంపదు" అంటారు. అందరితోపాటు నేనూ నవ్వుతాను.

మా ఇంట్లో జెల్‌కీ తెల్ల పేస్టుకీ మధ్య యుద్ధం నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ నడుస్తోంది. "నీది సున్నమే అమ్మా, గోడకు కొట్టుకోవచ్చు" అంటారు ఆయన. "నీది రంగునీళ్ళురా, దాంతో పళ్ళు తోముకుంటారా, తాగుతారా" అంటుంది అత్తయ్య. తల్లీ కొడుకూ ముచ్చటగా పోట్లాడుకునేది ఈ ఒక్క విషయంలోనే. చివరికి ఇద్దరూ నా వైపు తిరుగుతారు. "చెప్పమ్మా, నువ్వు పళ్ళాసుపత్రిలోనే కదా ఉండేది." నేను రెండూ మంచివే అంటాను. "గోడ మీద పిల్లి" అంటారు ఆయన. నిజానికి ఆ పిల్లికి గోడ దిగితే ఇటు ఇల్లుందో అటు ఇల్లుందో ఎవరూ అడగరు. అడగాలని నాకూ ఎప్పుడూ తోచలేదు.

అవును, నేను పళ్ళ డాక్టరమ్మ దగ్గర పనిచేస్తాను. ఆరేళ్ళైంది. వచ్చినవాళ్ళకి కార్డు రాయడం, వరస చూసి లోపలికి పంపడం, డాక్టరమ్మ పని చేస్తుంటే పక్కన నిలబడి లైటు తిప్పడం, నోట్లో ఊరిన నీళ్ళని గొట్టంతో లాగడం, అంతా అయ్యాక పనిముట్లు కడిగి ఆవిరిలో పెట్టడం నా పనులు. ఇంట్లో దీన్ని ఉద్యోగం అనరు, కాలక్షేపం అంటారు. "ఎలాగూ ఖాళీయే కదా, వెళ్ళి వస్తుంటుంది" అని అత్తయ్య పక్కింటావిడతో చెప్పడం విన్నాను. నలుగురికి పేస్టు వేసి, ఐదుగురికి వండి, డబ్బాలు సర్ది, బట్టలు ఆరేసి, తొమ్మిదిన్నరకల్లా తెల్లకోటు వేసుకుని కూర్చునే నాకు ఖాళీ ఎక్కడ దొరికిందో ఆవిడనే అడగాలి.

మా కార్డులో చాలా గడులుంటాయి. పేరు, వయసు, బాధ ఏమిటి, ఎన్నాళ్ళుగా, బ్రష్షు గట్టిదా మెత్తదా, పేస్టు జెల్లా తెల్లదా, రోజుకెన్నిసార్లు. ఒక్క గడి కూడా ఖాళీ ఉండకూడదని డాక్టరమ్మ పట్టుదల. పేస్టు గడి దగ్గరికి వచ్చేసరికి జనం భలే ఉత్సాహపడతారు. పంటినొప్పితో నోరు విప్పలేనివాళ్ళు కూడా పేస్టు గురించి మాత్రం పది మాటలు చెబుతారు. ఒక రిటైరైన మాస్టారు జేబులోంచి సగం వాడిన ట్యూబు తీసి బల్ల మీద పెట్టారు. కొత్తగా పెళ్ళైన జంట ఒకటి, ఆ అమ్మాయి జెల్ మంచిదని, ఆ అబ్బాయి తెల్లదే మంచిదని నా ముందే పందెం కాసుకున్నారు. వాళ్ళందరికీ నేను చెప్పేది ఒకటే, డాక్టరమ్మ దగ్గర విని విని నోటికొచ్చింది. "రెండూ ఒకటేనండీ. ఫ్లోరైడ్ ఉందో లేదో చూసుకోండి, మెత్తటి బ్రష్షు తీసుకోండి, రెండు నిమిషాలు తోముకోండి. జెల్లా తెల్లదా అన్నది మీ ఇష్టం. మీ నోటికి ఏది నచ్చితే దాంతోనే రోజూ తోముకోబుద్ధవుతుంది." ఆరేళ్ళలో ఈ మాట ఎన్ని వందలసార్లు చెప్పి ఉంటానో. చెప్పేటప్పుడు ఒక్కసారి కూడా ఇది నాకూ వర్తిస్తుందని అనిపించలేదు.

నా పన్ను ఎప్పుడు మొదలుపెట్టిందో సరిగ్గా గుర్తులేదు. ఎడమవైపు కింద. చల్లటి నీళ్ళు తగిలితే జివ్వుమని చెవిదాకా పాకేది. కుడివైపు తాగడం అలవాటు చేసుకున్నాను. తర్వాత వేడి టీకి కూడా మొదలైంది. పంటి బిగువున భరించడం అంటారు కదా, పన్నే నొప్పి పుడితే దేన్ని బిగించాలో ఎవరూ చెప్పలేదు. డాక్టరమ్మకి చెప్పడానికి సిగ్గేసింది. బట్టల కొట్టులో పనిచేసేవాడు చిరుగు చొక్కా వేసుకొచ్చినట్టుంటుందని.

సోమవారం మధ్యాహ్నం, పేషంట్లు లేని వేళ, నేను గ్లాసులో చన్నీళ్ళు పోసి అందులో ఫ్లాస్కులోంచి వేడినీళ్ళు కలుపుతుంటే డాక్టరమ్మ చూసింది. నాకంటే పదేళ్ళు చిన్నది, కానీ కళ్ళు మాత్రం ఎక్స్‌రే కళ్ళు.

"ఎన్నాళ్ళుగా అక్కా?" అంది.

"ఏదో, మొన్నటి నుంచి."

"మొన్న అంటే పోయిన సంవత్సరమా? రండి, కూర్చోండి."

ఆరేళ్ళుగా ఆ కుర్చీ పక్కన నిలబడుతున్నాను గానీ అందులో పడుకోవడం అదే మొదలు. అక్కడి నుంచి చూస్తే లైటు ఇంకో రకంగా ఉంటుంది. నోరు తెరిచి పడుకుంటే మనిషికి ఎంత భయంగా ఉంటుందో అప్పుడు తెలిసింది, నేను వాళ్ళతో ఇంకాస్త మెల్లగా మాట్లాడాల్సిందని కూడా అనిపించింది. డాక్టరమ్మ చిన్న అద్దంతో చూసింది. చిగురు దిగిపోయిందని, పంటి మెడ దగ్గర గాడి పడిందని చెప్పింది. "గట్టి బ్రష్షు, పాత బ్రష్షు. పైగా ఎవరో తరుముతున్నట్టు తోముకుంటున్నారు మీరు" అంది. నేను నోరు తెరిచే ఉన్నాను కాబట్టి ఏమీ అనలేదు. తరుముతారు. నేను బాత్రూములోకి వెళ్ళి గడియ పెట్టగానే ఇంట్లో ఎవరికో ఒకరికి నాతో పని పడుతుంది. సాక్స్ ఏవీ, పాలు పొంగుతున్నాయి, నా కళ్ళజోడు చూశావా, ఇంకా ఎంతసేపు. వస్తున్నా, వస్తున్నా అంటూ అర నిమిషంలో నాలుగు గీకులు గీకి బయటపడతాను.

"ఈ వారంలో ఫిల్లింగ్ చేసేద్దాం. ఆలస్యం చేస్తే నరందాకా వెళ్తుంది, పన్ను దక్కదు. శనివారం పదింటికి మొదటి పేరు మీదే. కార్డు రాయండి" అంది చేతి తొడుగులు తీస్తూ.

నా బల్ల దగ్గర కూర్చుని నా కార్డు నేనే రాసుకున్నాను. పేరు, వయసు. బాధ ఏమిటి అన్నచోట ఒక్క క్షణం నవ్వొచ్చింది, గడి చిన్నది. బ్రష్షు గట్టిదే. పేస్టు దగ్గర కలం ఆగిపోయింది.

"జెల్లా, తెల్లదా?" అంది డాక్టరమ్మ నా భుజం మీంచి చూస్తూ.

"ఏదుంటే అది."

"అది పేస్టు పేరు కాదు కదక్కా. సరే, మీకేది ఇష్టం?"

ఎంత తేలిక ప్రశ్న. బల్ల మీద ట్యూబు పెట్టిన మాస్టారికి కూడా తెలుసు. ఆలోచిస్తే నాకు గుర్తొచ్చింది ఆయనకేది ఇష్టమో, అత్తయ్యకేది ఇష్టమో, అమ్మాయికి ఎంత వేస్తే మండుతుందో, అబ్బాయికి ఎంత వేస్తే ఉమ్మడో. నా నోరు గురించి ఏమీ గుర్తు రాలేదు. నలభై మూడేళ్ళ నోరు. ఏడుపొచ్చింది. ఒక పేస్టు కోసం ఏడుస్తారా ఎవరైనా అని తల వంచుకుని కార్డు సర్దినట్టు నటించాను. డాక్టరమ్మకి అర్థమైందో లేదో తెలీదు. "శనివారంలోపు నింపండి. ఖాళీ గడి ఉంటే నేను ఫిల్లింగ్ చెయ్యను" అని నవ్వుతూ లోపలికి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం పేషంట్లు వచ్చేశారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర పన్ను సంగతి చెప్పాను.

"పళ్ళాసుపత్రిలో ఉంటూ పన్ను నొప్పేంటి? దీపం కింద చీకటంటే ఇదే" అన్నారు ఆయన. "శనివారమా? శనివారం పొద్దున నాకు ఆఫీసు మీటింగుంది, డబ్బా మాత్రం మర్చిపోకు."

నేను అన్నం వడ్డిస్తూనే అడిగాను. "నేను ఏ పేస్టు వాడతానో తెలుసా మీకు?"

"అదేం ప్రశ్న. మాతోపాటే కదా, జెల్."

"జెల్ ఏంట్రా" అంది అత్తయ్య. "మొదట్నుంచీ నాతోపాటే అది. నా ట్యూబు అంత తొందరగా ఎందుకు అయిపోతోందనుకున్నావ్?"

"జెల్ వాడకపోతే ఆసుపత్రిలో ఉండనిస్తారా అమ్మా?"

"ఆసుపత్రిలో ఉంది కాబట్టే తెల్లది వాడుతుంది. మంచీ చెడూ తెలిసిన పిల్ల. అందరికీ తలలో నాలుకలా మసులుకుంటుంది గానీ, తనకు తెలీదా ఏది మంచిదో."

ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. నేను ఏ పక్షమో తేల్చడానికి ఇరవై ఏళ్ళ సాక్ష్యాలు తెచ్చారు. నేను గరిటె పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను. ఒక్కరైనా తల తిప్పి, ఇంతకీ ఏది, అని నన్ను అడుగుతారేమోనని చూశాను. అమ్మాయి ఫోన్లోంచి తలెత్తింది.

"నిజం చెప్పనా అమ్మా? నువ్వు పళ్ళు తోముకోవడం నేనెప్పుడూ చూళ్ళేదు."

దాని మాటలో వెటకారం లేదు. నిజంగానే ఆలోచించి చెప్పింది. అది పుట్టినప్పటి నుంచి ఒకే ఇంట్లో ఉన్నాం. అది మాట్లాడిన మొదటి మాట నాకు గుర్తుంది, మొదటి పన్ను ఊడినప్పుడు దాన్ని ఎక్కడ దాచుకుందో గుర్తుంది. "ఏదైతే ఏంలే" అని అత్తయ్య తేల్చేసింది, "ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోడానికి." అందరూ నవ్వారు. అలవాటుగా నేనూ నవ్వాను, నవ్వితే గాలి తగిలి పన్ను జివ్వుమంది.

మర్నాడు పొద్దున్న ఆ మాటలే తల్లో తిరుగుతుండగా బ్రష్షులకు పేస్టు వేశాను. పాలు దించి వచ్చి చూసుకుంటే గట్టు మీద బ్రష్షులు లేవు, అప్పటికే ఎవరివి వాళ్ళు తీసుకున్నారు. తెల్ల ట్యూబు మూత నీలం ట్యూబు పక్కన ఉంది. అప్పుడు గుర్తొచ్చింది, నల్ల బ్రష్షు మీద తెల్లది వేశాను, ఎర్ర బ్రష్షు మీద జెల్ వేశాను. ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ జరగని తప్పు. వంటింట్లో నిలబడి తిట్ల కోసం చూశాను. ఆయన ఫోనులో వార్తలు చూసుకుంటూనే తోముకుని, నోరు పుక్కిలించి, టీ ఏదీ అన్నారు. అంతే. అత్తయ్య కళ్ళజోడు లేకుండా తోముకుంటుంది. తువ్వాలుతో మూతి తుడుచుకుంటూ వచ్చి, "కొత్త ట్యూబు విప్పావా ఏంటి, ఇవాళ భలే చురుగ్గా ఉంది నోరు" అంది. "అందుకే చెప్తా, తెల్లదాన్ని మించింది లేదు."

నాకు నవ్వు ఆగలేదు. పమిటకొంగు నోట్లో కుక్కుకుని వంటింటి మూలకు వెళ్ళి నవ్వుకున్నాను. రెండు రాజ్యాల యుద్ధం, ఎవరి కోటలో ఎవరున్నారో వాళ్ళకే తెలీదు. ఈ సంగతి ఎవరికైనా చెప్పి కడుపుబ్బ నవ్వాలనిపించింది. ఎవరికి చెప్పాలి? ఆయనకి చెబితే తప్పు నాది, అత్తయ్యకి చెబితే అవమానం ఆవిడది. అమ్మాయి చెవుల్లో ఏవో పెట్టుకుని బూట్లు వేసుకుంటోంది. నవ్వు దానంతటదే తగ్గిపోయింది. ఒక్కతినే నవ్వుకోవడం ఒక్కతినే ఏడ్చుకోవడం కంటే కష్టమని ఆ పొద్దున తెలిసింది. నలుగురి డబ్బాలూ కట్టి బయల్దేరాను.

సాయంత్రం పని అయ్యాక కొట్టుకి వెళ్ళాను. ఎప్పుడూ వెళ్ళే కొట్టే. పేస్టుల అర దగ్గర ఎప్పుడూ చేయి చాపి రెండు ట్యూబులు బుట్టలో పడేసి వచ్చేస్తాను, తల తిప్పే పని ఉండదు. ఆరోజు నిలబడ్డాను. ఎన్ని రంగులో. నీలం, ఎరుపు, ఆకుపచ్చ జెల్‌లు, తెల్లవి, తెల్లదాంట్లో గీతలున్నవి. చాలాసేపు నిలబడ్డానేమో, అక్కడ సరుకు సర్దే అమ్మాయి వచ్చింది.

"ఎవరికి మేడమ్? పిల్లలకా, పెద్దవాళ్ళకా?"

"నాకు" అన్నాను.

ఆ మాట గొంతులో కొత్త చెప్పులా కరిచింది. ఆ అమ్మాయికి మాత్రం అందులో వింతేమీ కనిపించలేదు, "రెండూ చిన్నవి తీసుకెళ్ళి చూడండి మేడమ్, నచ్చింది ఉంచుకోండి" అని చెప్పి వెళ్ళిపోయింది. చిన్న జెల్ ట్యూబు ఒకటి, చిన్న తెల్ల ట్యూబు ఒకటి తీసుకున్నాను. ఒక్క బ్రష్షే ఉన్న అట్ట కూడా అక్కడే వేలాడుతోంది. అన్నేళ్ళూ అక్కడే ఉండి ఉంటుంది. మెత్తటిది, పసుపుపచ్చది తీసుకున్నాను. మా ఇంట్లో పసుపు ఎవరిదీ కాదు.

అవి ఇంటికి తీసుకెళ్ళలేదు. ఆసుపత్రిలో నా బల్ల సొరుగులో దాచాను. బుధవారం మధ్యాహ్నం అన్నం తిన్నాక, పిల్లల పేషంట్లకు ఇచ్చే ప్లాస్టిక్ ఇసుక గడియారం ఒకటి పట్టుకుని ఆసుపత్రి బాత్రూములోకి వెళ్ళి గడియ పెట్టాను. రెండు నిమిషాల గడియారం అది. తలకిందులు చేసి పెట్టి జెల్‌తో మొదలుపెట్టాను. రెండు నిమిషాలు ఎంత పొడుగో అప్పటిదాకా నాకు తెలీదు. ఇసుక సగం కూడా జారకముందే చేయి ఆగిపోతోంది, ఎవరూ పిలవడం లేదేమిటా అని చెవులు రిక్కిస్తున్నాను. ఎవరూ పిలవలేదు. జెల్ తియ్యగా, చల్లగా బాగానే ఉంది. కానీ అది ఆయన నోటి వాసన. పొద్దున్నే ముఖం దగ్గరికి వచ్చి "ఈ కాలరు ఇస్త్రీ చేశావా, చేసినట్టు నటించావా" అనే వాసన. పన్ను కూడా దాని ఘాటుకి జివ్వుమంది. ఉమ్మేశాను.

గురువారం తెల్లది. మూత తీయగానే అత్తయ్య వచ్చి నిలబడింది. ఆవిడ తువ్వాలు, ఆవిడ నిట్టూర్పు, గోడతో ఆవిడ కబుర్లు. ఇదీ వద్దనుకున్నాను. కానీ ఇసుక ఇంకా ఉంది కదా, అది అయ్యేదాకా తోమాలి కదా అని తోముతూ ఉన్నాను. నురగ చిక్కగా వచ్చింది, పన్ను ఏమీ అనలేదు. సగం ఇసుక జారాక ఆ రుచి వెనక ఇంకో రుచి తెలిసింది. మా అక్కా నేనూ మంచం కింద దూరి, వేలి మీద తెల్ల పేస్టు పెట్టుకుని నాకేవాళ్ళం. నాకు ఐదారేళ్ళుంటాయి. ఒకరోజు కొత్త ట్యూబు సగం ఖాళీ చేశాం. అమ్మ ఇద్దర్నీ ఎదురుగా నిలబెట్టి, "ఆ అనండి" అని నోళ్ళు వాసన చూసింది. కొడుతుందనుకున్నాం, పొట్ట పట్టుకుని నవ్వింది. అంటే అత్తయ్య కంటే ముందే ఈ పేస్టు నాకు తెలుసు. నాకిది ఇష్టం. దొంగతనం చేసి తినేంత ఇష్టం.

సంతోషం వేయాలి. వేసింది కూడా, కానీ వెంటనే ఒళ్ళు మండింది. తెల్లదే అని చెబితే ఇంట్లో అత్తయ్య గెలిచినట్టే కదా. "నేను చెప్పలా" అంటుంది, పక్కింటావిడకి కూడా చెబుతుంది. ఆ ఒక్క మాట పడలేక జెల్ అని రాసేద్దామా అని కూడా ఆలోచించాను, నిజంగా. శుక్రవారం మధ్యాహ్నం మళ్ళీ ఒకసారి తెల్లదాంతో తోముకున్నాను. ఆ ఇసుక జారుతున్నంతసేపూ ఆలోచిస్తే, నా నోట్లో ఏముందో దాంతో వాళ్ళ పోట్లాటకి సంబంధమే లేదనిపించింది. అత్తయ్య గెలిచాననుకుంటే అనుకోనీ. ఆవిడకి ఏ పేస్టు ఇష్టమో ఆవిడకే తెలీదు.

బల్ల దగ్గరికి వచ్చి కార్డు తీసి, గడిలో "తెల్లది" అని రాశాను. అక్షరాలు కొంచెం పెద్దవయ్యాయి. డాక్టరమ్మ వచ్చి చూసి "తెల్లదా, మంచిది" అని కార్డు పెట్టెలో పడేసి, తర్వాతి పేషంటుని పిలవమంది. నేను ఇంకేదో అంటుందనుకున్నాను. ఏమనాలి పాపం, రోజుకి ముప్ఫై మంది ఆ గడి నింపుతారు. ఇంటికి వెళ్ళేదారిలో ఆ మాట ఎవరికైనా చెప్పాలని నోటిదాకా వచ్చింది, బస్సులో పక్కన కూర్చున్నావిడ నిద్రపోతోంది. పసుపు బ్రష్షు, తెల్ల ట్యూబు సంచీలో ఉన్నాయి. డాక్టరమ్మని అడిగి ఇసుక గడియారం కూడా తెచ్చుకున్నాను.

శనివారం పొద్దున ఎప్పటిలాగే లేచాను. పాలు పొయ్యి మీద పెట్టలేదు. బాత్రూములోంచి నాలుగు బ్రష్షులూ, రెండు ట్యూబులూ తెచ్చి భోజనాల బల్ల మీద వరసగా పెట్టాను. నలుపు, ఊదా, ఆకుపచ్చ, ఎరుపు. నాలుగూ పొడిగా ఉన్నాయి. చేయి దానంతటదే ట్యూబు మూత మీదకి వెళ్ళింది, వెనక్కి తీసుకున్నాను. అయ్యో, అబ్బాయి ఎక్కువ వేసుకుంటాడేమో అని కూడా అనిపించింది. బాత్రూములోకి వెళ్ళి గడియ పెట్టి, కొత్త బ్రష్షు మీద తెల్ల పేస్టు వేసుకుని, గడియారాన్ని గట్టు మీద తిరగేసి పెట్టాను.

బయట మొదట ఆయన చెప్పుల చప్పుడు వినిపించింది. తర్వాత గొంతు. "ఇవేంటి ఇక్కడున్నాయి? పేస్టు వేయలేదేం?"

నా నోటి నిండా నురగ ఉంది.

"ఒంట్లో బాలేదేమో చూడరా" అంది అత్తయ్య.

"నాన్నా, నేనెంత వేసుకోవాలి?" అబ్బాయి.

"మీ అమ్మనడుగు."

వాడు తలుపు దగ్గరికి వచ్చాడు. "అమ్మా, ఎంత?" బఠాణీ గింజంత, అని నాలుక చివరిదాకా వచ్చింది. ఎడమవైపు కింద, ఆ పన్ను దగ్గర, మెల్లగా గుండ్రంగా తోముతూ ఉండిపోయాను. వాడు కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. బయట ఎవరో మూత తీశారు, ఎవరో ఎవరినో కసిరారు, మూత నేల మీద పడి దొర్లిన చప్పుడైంది. ఆ దొర్లే చప్పుడు చాలాసేపు విన్నాను. ఎవరూ దాన్ని తీయలేదు.

ఇసుక చివరి రవ్వ జారిపోయింది. నోరు పుక్కిలించి, చన్నీళ్ళతో మొహం కడుక్కుని, అద్దంలో చూసుకున్నాను. ఆయన తలుపు మీద వేళ్ళతో కొట్టారు.

"ఇంకా ఎంతసేపు?"

ఇరవై ఏళ్ళుగా ఆ ప్రశ్నకి నా జవాబు "వస్తున్నా."

"రెండు నిమిషాలు" అన్నాను. గడియారాన్ని మళ్ళీ తిరగేసి పెట్టాను.